లైట్లు వేస్తే ఆగిపోయిన కారు: పాత బండి ఈసీఎం ట్యూనింగ్ పాఠం

2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్ళు విజయవాడ సింగ్‌నగర్‌లోకి వచ్చినప్పుడు మా వీధిలో నిలబెట్టిన కార్లన్నీ మునిగాయి. వాటిలో మాదీ ఒకటి. నాన్న 2001లో కొన్న కారు అది. 1.3 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు. నేను పుట్టకముందు నుంచీ ఇంట్లో ఉంది. నీళ్ళు తగ్గాక, ఆటోనగర్‌లో మాకు ఎప్పట్నుంచో తెలిసిన మెకానిక్ బాబాయి వచ్చి చూశాడు. "ఎవరూ కీ తిప్పొద్దు" అన్నదే మొదటి మాట. ప్లగ్గులు విప్పి సిలిండర్లలో నీళ్ళు తీశాడు, ఆయిల్ మార్చాడు, పెట్రోల్ ట్యాంక్ దింపి కడిగాడు. ఇంజిన్ బతికింది. కానీ డ్యాష్‌బోర్డ్ కింద, కాళ్ళ దగ్గర ఉండే ఈసీఎం డబ్బా విప్పితే లోపల పిన్నులన్నీ పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి.

ఈసీఎం అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్. పుస్తకాల్లో ఈసీయూ అని ఉంటుంది, ఆటోనగర్‌లో అందరూ ఈసీఎం అనే అంటారు. అది లేకపోతే ఇంజిన్ ఎంత బాగున్నా స్టార్ట్ అవ్వదు. మా మోడల్‌కి కొత్తది దొరకలేదు. పాత సామాన్ల షాపులన్నీ తిరిగితే ఒకటి దొరికింది, తీరా చూస్తే అదీ వరదలో తడిసిందే! ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ మాత్రమే కాబట్టి ఆ దారి కూడా లేదు. "ఇక తుక్కుకి ఇచ్చేద్దాం రా" అన్నారు నాన్న. అన్నారు గానీ ఎనిమిది నెలలు ఇవ్వలేదు. రోజూ పొద్దున్నే దాని మీద దుమ్ము మాత్రం తుడిచేవారు.

ఫస్టియర్ అయిపోయిన వేసవి సెలవుల్లో నేను ఆ కారుకి ఓపెన్ సోర్స్ ఈసీఎం పెట్టాను. బాబాయి సాయం లేకపోతే అయ్యేది కాదు. ఆ పనిలో రెండు పెద్ద తప్పులు చేశాను, ఒకదానితో ఇంజిన్ పోయేదే. మనలో చాలామందికి కోడ్ వచ్చు, ఇంజిన్ తెలీదు. ఇంజిన్ తెలిసిన బాబాయిలకి కోడ్ తెలీదు. ఈ రెండింటి మధ్య ఏముందో చెప్పడానికి ఈ పాఠం. తెలుగులో ఇంత పొడుగు వ్యాసం రాయడం నాకు ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి.

1. ఈసీఎం అసలు ఏం చేస్తుంది?

రెండే పనులు. ఒకటి, ఎంత పెట్రోల్ కొట్టాలో లెక్కేయడం. రెండు, ప్లగ్గు ఎప్పుడు వెలిగించాలో నిర్ణయించడం. మిగతావన్నీ వీటికి తోకలే.

ఇవి మొదట్నుంచీ కంప్యూటర్ పనులు కావు. 1983లో మారుతి 800 వచ్చినప్పుడు దాంట్లో ఉన్నది కార్బురేటర్. గాలి పారే వేగానికి పెట్రోల్ దానంతటదే పీల్చుకుపోయే ఒక మెకానికల్ ఏర్పాటు అది. ఎలక్ట్రానిక్‌గా పెట్రోల్ కొట్టే పద్ధతిని జర్మనీలో బాష్ కంపెనీ 1967లోనే ఫోక్స్‌వ్యాగన్ కార్లలో పెట్టింది. అది అనలాగ్ సర్క్యూట్. 1979లో అదే కంపెనీ పెట్రోల్, స్పార్క్ రెండూ ఒకే డిజిటల్ డబ్బాలోంచి నడిపే మోట్రోనిక్‌ని బీఎండబ్ల్యూలో తెచ్చింది. మన దగ్గర 2000 ఏప్రిల్‌లో ఇండియా 2000 పొగ నిబంధనలు వచ్చిన రోజుల్లో కొత్త కార్లలో కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ వచ్చింది. అంటే మా కారు మన దేశంలో ఈసీఎంలు మామూలు విషయం అయిన తొలి రోజులది. దాన్ని మార్చడం కుదిరింది కూడా అందుకే. దాని ఈసీఎం పక్క డబ్బాలతో పెద్దగా మాట్లాడదు. ఇప్పటి బీఎస్6 కార్లలో ఏబీఎస్, ఇమ్మొబిలైజర్, మీటర్లు అన్నీ ఒకే నెట్‌వర్క్ మీద ఉంటాయి. వాటి జోలికి వెళ్ళకండి.

2. బోర్డు

మేం వాడింది స్పీడుయినో. ఆస్ట్రేలియాకి చెందిన జాష్ స్టీవర్ట్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఇది. కోడ్ అంతా జీపీఎల్ లైసెన్స్ కింద అందరికీ అందుబాటులో ఉంది. అంతకుముందు 2001 ప్రాంతంలో అమెరికాలో బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిప్పో అనే ఇద్దరు మెగాస్క్విర్ట్ అని ఇలాంటిదే చేశారు. దాంతోనే మామూలు మనుషులు ఇంట్లో కూర్చుని ఈసీఎం తయారుచేసుకోవడం మొదలైంది.

స్పీడుయినోలో ఉండేది మన ల్యాబ్‌లో ఉండే ఆర్డుయినో మెగానే. 16 మెగాహెర్ట్జ్, 8 కేబీ ర్యామ్. "దీంతో కారు నడుస్తుందా?" అని మా రూమ్మేట్ నవ్వాడు. లెక్క చూద్దాం. 6000 ఆర్‌పీఎంలో ఇంజిన్ ఒక రౌండు తిరగడానికి పట్టేది 10 మిల్లీసెకన్లు. అంటే ఒక్క డిగ్రీ తిరగడానికి సుమారు 28 మైక్రోసెకన్లు. ఆ టైమ్‌లో ఈ చిప్ 440కి పైగా క్లాక్ టిక్‌లు కొడుతుంది. ఇంటరప్ట్‌లు, టైమర్లు జాగ్రత్తగా వాడితే చాలు. మనం క్లాసులో బోరింగ్ అనుకున్న టైమర్ కంపేర్ రిజిస్టర్లే ఇక్కడ ప్లగ్గు వెలిగిస్తాయి.

3. ఇంజిన్ ఎక్కడుందో తెలియాలి

క్రాంక్ పుల్లీకి ఒక పళ్ళ చక్రం బిగించాం. 36 పళ్ళకి చోటుంటుంది, ఒకటి మాత్రం కావాలనే తీసేస్తారు. ఆటోనగర్‌లో లేత్ షాపాయన గంటన్నరలో కోసిచ్చాడు. ఎదురుగా ఒక హాల్ సెన్సార్. ఒక్కో పన్ను దాటినప్పుడు ఒక్కో పల్స్, అంటే ప్రతి 10 డిగ్రీలకి ఒకటి. రెండు పల్స్‌ల మధ్య టైమ్ ముందుదానికంటే ఒకటిన్నర రెట్లు దాటితే అక్కడ పన్ను లేదని అర్థం. అదే మన సున్నా ఇండెక్స్. అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ పోవడమే.

ఒక చిక్కుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక సైకిల్‌కి క్రాంక్ రెండు రౌండ్లు తిరుగుతుంది. క్రాంక్ సెన్సార్ ఒక్కటే ఉంటే పిస్టన్ పైకొచ్చిందని తెలుస్తుంది గానీ, అది కంప్రెషన్ కోసం వచ్చిందో పొగ తోసేయడానికి వచ్చిందో తెలీదు. అందుకని రెండుసార్లూ స్పార్క్ కొట్టేస్తాం! పొగ స్ట్రోక్‌లో పడిన స్పార్క్ వృథా, నష్టమేమీ లేదు. ఒకటో నాలుగో సిలిండర్లు ఒక జత, రెండో మూడో ఒక జత. పెట్రోల్ కూడా అంతే, సైకిల్‌కి కావలసింది రెండు సగాలు చేసి రౌండుకి ఒకసారి కొడుతుంది. ఈ "రెండు సగాలు" గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

4. మొదటి తప్పు: టైమింగ్ చూసుకోకపోవడం

ప్లగ్గు వెలిగాక పెట్రోల్-గాలి మిశ్రమం పూర్తిగా మండడానికి కొంచెం టైమ్ పడుతుంది. అందుకే పిస్టన్ పైకి రాకముందే వెలిగించాలి. దీన్నే అడ్వాన్స్ అంటారు. మరీ ముందు వెలిగిస్తే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే ఒత్తిడి పెరిగిపోయి, మిగిలిన మిశ్రమం ఒక్కసారిగా పేలుతుంది. రేకు డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు శబ్దం వస్తుంది. అదే నాకింగ్. అలాగే లాగితే పిస్టన్‌కి చిల్లు పడుతుంది.

పన్ను లేని ఖాళీ దాటాక మొదటి పన్ను సెన్సార్ ముందుకొచ్చినప్పుడు, ఒకటో పిస్టన్ పైకి రావడానికి ఎన్ని డిగ్రీల దూరంలో ఉందో సాఫ్ట్‌వేర్‌కి చెప్పాలి. నేను కంటితో చూసి, పళ్ళు లెక్కపెట్టి ఒక నంబర్ ఇచ్చాను. ఒక్క పన్ను తప్పు లెక్కపెట్టాను. 10 డిగ్రీల తేడా!

కారు మాత్రం స్టార్ట్ అయింది. ఎనిమిది నెలల తర్వాత ఆ సౌండ్ వినగానే నాన్న ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చారు. ఆ సంబరంలో టైమింగ్ చెక్ చేయకుండానే రోడ్డెక్కించాను. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే గోళీల శబ్దం మొదలైంది. నేను ల్యాప్‌టాప్ స్క్రీన్ చూస్తున్నా, అందులో 25 డిగ్రీలు అని చక్కగా ఉంది. పక్కన బాబాయి "కాలు తియ్యి అబ్బాయ్, తియ్యి!" అని అరిచాడు. స్క్రీన్ మీద 25, ఇంజిన్‌లో 35.

షెడ్డుకొచ్చాక టైమింగ్ లైట్ తెచ్చాడు. సాఫ్ట్‌వేర్‌లో అడ్వాన్స్‌ని 10 డిగ్రీల దగ్గర లాక్ చేసే ఆప్షన్ ఉంటుంది. లాక్ చేసి పుల్లీ మీద గుర్తుకి లైట్ కొడితే 20 చూపించింది. రెండూ ఒకటయ్యేదాకా ఆ నంబర్ దిద్దాం. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు మిగుల్చుకుందామని చూస్తే ఇంజినే పోయేది. స్క్రీన్ మీద కనపడేది ఈసీఎం ఏమనుకుంటోందో అది మాత్రమే. నిజంగా ఏం జరుగుతోందో బయటి నుంచి ఇంకో పరికరంతో కొలవాలి.

5. పెట్రోల్ లెక్క

ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన గ్యాస్ ఈక్వేషన్ ఇక్కడ తిన్నగా పనికొస్తుంది.

గాలి బరువు = వీఈ × ఒత్తిడి × సిలిండర్ ఘనపరిమాణం ÷ (287 × ఉష్ణోగ్రత)

ఒత్తిడి మ్యాప్ సెన్సార్ చెబుతుంది. ఉష్ణోగ్రత గాలి గొట్టంలో ఉన్న సెన్సార్ చెబుతుంది, కెల్విన్‌లో వేసుకోవాలి. వీఈ అంటే వాల్యుమెట్రిక్ ఎఫిషియెన్సీ: సిలిండర్ నిజంగా ఎంత శాతం నిండింది అని. దీన్ని కొలిచే సెన్సార్ లేదు. అందుకే 16 అడ్డవరసలు, 16 నిలువు వరసల టేబుల్ ఒకటి ఉంటుంది. ఒక వైపు ఆర్‌పీఎం, ఇంకో వైపు ఒత్తిడి. ట్యూనింగ్ అని అందరూ అనేది ఎక్కువ భాగం ఈ 256 గళ్ళని నింపడమే.

మా కారుకి లెక్కేద్దాం. ఒక సిలిండర్ 325 సీసీ. ఒత్తిడి 100 కిలోపాస్కల్స్, 27 డిగ్రీల గాలి అంటే 300 కెల్విన్. నిండుగా నిండితే 0.377 గ్రాముల గాలి. వీఈ 80 శాతం అయితే 0.30 గ్రాములు. మామూలు పెట్రోల్ ఒక గ్రాము పూర్తిగా మండడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. అంటే కొట్టాల్సిన పెట్రోల్ 20.5 మిల్లీగ్రాములు. ఇప్పుడు మే నెల ట్రాఫిక్‌లో బానెట్ కింద గాలి 57 డిగ్రీలు, అంటే 330 కెల్విన్ అయిందనుకోండి. గాలి దాదాపు పది శాతం పలచబడుతుంది, పెట్రోల్ కూడా అంత తగ్గించాలి. ఎండాకాలం బండి "లాగట్లేదు" అని అందరూ అనేది ఊరికే కాదన్నమాట.

మా ఇంజెక్టర్ నిమిషానికి 190 మిల్లీలీటర్లు కొడుతుంది. అంటే ఒక మిల్లీసెకన్‌కి సుమారు 2.34 మిల్లీగ్రాములు. 20.5 కావాలంటే 8.8 మిల్లీసెకన్లు, రెండు సగాలుగా చేస్తే రౌండుకి 4.4. ఐడిల్‌లో అయితే ఒత్తిడి 35, వీఈ 50 వేసుకుంటే సైకిల్‌కి 4.5 మిల్లీగ్రాములే వస్తుంది. అంటే 1.9 మిల్లీసెకన్లు, రౌండుకి 0.95.

ఇంజిన్ సరిగ్గా నాలుగు గళ్ళ మీద ఎప్పుడూ కూర్చోదు కాబట్టి మధ్యలో ఇంటర్‌పొలేషన్ చేస్తుంది. ఉదాహరణకి 2300 ఆర్‌పీఎం, 55 కిలోపాస్కల్స్. చుట్టూ ఉన్న గళ్ళు: 2000 దగ్గర 58 (ఒత్తిడి 50కి), 64 (ఒత్తిడి 60కి), 2500 దగ్గర 62, 68. ముందు ఆర్‌పీఎం వైపు 0.6 భాగం వెళ్తే 60.4, 66.4. తర్వాత ఒత్తిడి వైపు సగం వెళ్తే 63.4. గ్రాఫిక్స్‌లో ఇమేజ్‌ని పెద్దది చేసేటప్పుడు వాడే బైలీనియర్ ఇదే.

ఈ 63.4 కరెక్టో కాదో ఎలా తెలుస్తుంది? సైలెన్సర్ గొట్టంలో లాంబ్డా సెన్సార్ పెట్టి. లాంబ్డా 1 అంటే సరిపోయింది, 1 కంటే ఎక్కువ అంటే పెట్రోల్ తక్కువైంది, అంటే లీన్. 1 కంటే తక్కువ అంటే పెట్రోల్ ఎక్కువైంది, అంటే రిచ్. కారుతో వచ్చే పాత నారోబ్యాండ్ సెన్సార్ 1కి ఇటా అటా అని మాత్రమే చెబుతుంది. ఎంత తేడా ఉందో తెలియాలంటే వైడ్‌బ్యాండ్ కావాలి. మా ఖర్చులో పెద్ద భాగం దానికే పోయింది, అయినా దాని మీద మాత్రం పిసినారితనం వద్దు. దిద్దే సూత్రం సులువు:

కొత్త వీఈ = పాత వీఈ × (కొలిచిన లాంబ్డా ÷ కావలసిన లాంబ్డా)

6. రెండో తప్పు: లైట్లు వేస్తే ఆగిపోవడం

పగలంతా బండి చక్కగా నడిచింది. ఐడిల్ 850 దగ్గర గడియారంలా ఉంది. ఆ సాయంత్రం నాన్న హెడ్‌లైట్లు వేసి సందు మలుపు దగ్గర ఆపారు. ఇంజిన్ రెండుసార్లు ఊగి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేసి బయల్దేరితే బాగానే వెళ్తుంది, ఆపితే ఆగిపోతుంది.

లాగ్ తెరిచి చూశాను. ఐడిల్‌లో లాంబ్డా 1.2కి దగ్గర. లీన్. సూత్రం ఉందిగా! ఐడిల్ గళ్ళలో 50ని 58 చేశాను. అంతే, లైట్లు వేసినా ఆగలేదు. నేను హీరో.

పొద్దున స్టార్ట్ చేస్తే ఇంటి ముందంతా పెట్రోల్ వాసన. లాంబ్డా 0.86. ప్లగ్గులు విప్పితే నల్లగా మసి. పగటికి తగ్గిస్తే రాత్రి ఆగిపోతుంది, రాత్రికి పెంచితే పగలు వాసన. మూడు రోజులు ఆ గళ్ళతోనే ఆడాను. చివరికి నాన్న అడిగిన ప్రశ్న నన్ను ఆపింది: "లైట్లకీ పెట్రోల్‌కీ సంబంధం ఏంట్రా?"

అదే అడగాల్సిన ప్రశ్న. టేబుల్‌లో ఆర్‌పీఎం ఉంది, ఒత్తిడి ఉంది. లైట్లు లేవు. మరి లైట్లు వేస్తే మారేది టేబుల్‌లో లేని ఇంకేదో అయ్యుండాలి. లాగ్‌లో అన్ని కాలమ్‌లూ పక్కపక్కన పెట్టి చూస్తే కనపడింది: బ్యాటరీ వోల్టేజ్. పగలు 14. లైట్లు, రేడియేటర్ ఫ్యాన్ రెండూ తిరుగుతుంటే 13.

ఇంజెక్టర్ అంటే ఒక కాయిల్, ఒక వాల్వ్. కరెంట్ ఇచ్చిన వెంటనే తెరుచుకోదు, కొంచెం టైమ్ పడుతుంది. దాన్ని డెడ్ టైమ్ అంటారు. వోల్టేజ్ తగ్గితే డెడ్ టైమ్ పెరుగుతుంది. ఈసీఎం దాన్ని లెక్కలో కలుపుకోవాలి. దానికి వోల్టేజ్ టేబుల్ విడిగా ఉంది. నేను దాన్ని ముట్టుకోనే లేదు, అన్ని వోల్టేజ్‌లకీ ఒకటే నంబర్ ఉంది.

కొలవాలని నిర్ణయించుకున్నాం. ఆటోనగర్‌లో ఇంజెక్టర్లు క్లీన్ చేసే షాపులో కొలత గీతలున్న గాజు గొట్టాల మెషీన్ ఉంటుంది. దాని మీద ఇంజెక్టర్లు పెట్టి, పల్స్ మాత్రం మా ఆర్డుయినో నుంచి ఇచ్చాం. 14 వోల్టుల దగ్గర 3 మిల్లీసెకన్ల పల్స్‌లు వెయ్యి కొడితే 6.3 మిల్లీలీటర్లు వచ్చింది. 6 మిల్లీసెకన్లవి వెయ్యి కొడితే 15.8. రెండు పాయింట్లు దొరికితే సరళరేఖ దొరికినట్టే. వాలు 9.5 ÷ 3, అంటే 3.17. ఆ రేఖ కింద సున్నాని తాకేది 3 − (6.3 ÷ 3.17), అంటే దాదాపు 1.0 దగ్గర. అదే డెడ్ టైమ్, 1 మిల్లీసెకన్. 12 వోల్టుల దగ్గర అదే ప్రయోగం చేస్తే 5.4, 14.9 వచ్చాయి, డెడ్ టైమ్ 1.3. (పెట్రోల్‌తో ఇది ఇంట్లో చేయకండి. షాపులో వాడే టెస్ట్ లిక్విడ్ వేరు, గాలి ఆడే చోటు, మంటలార్పే సిలిండర్ పక్కన ఉంటాయి.)

13 వోల్టులకి డెడ్ టైమ్ 1.15 అనుకోండి. రౌండుకి 0.15 మిల్లీసెకన్ల పెట్రోల్ తగ్గింది. ఐడిల్‌లో కావలసింది 0.95 మాత్రమే కాబట్టి 16 శాతం కోత. లాంబ్డా 1.19. లాగ్‌లో ఉన్నది అదే! ఫుల్ లోడ్‌లో కావలసింది 4.4 కాబట్టి అదే 0.15 అక్కడ మూడున్నర శాతం కూడా కాదు. రోడ్డు మీద బాగా వెళ్ళి, ఆపితే ఆగిపోవడానికి కారణం ఇదే.

వీఈ గళ్ళని మళ్ళీ 50కి తెచ్చాను. వోల్టేజ్ టేబుల్‌లో కొలిచిన నంబర్లు పెట్టాను. ఆ రాత్రి లైట్లు, ఫ్యాన్, వైపర్లు అన్నీ వేసి కూర్చున్నాం. ఐడిల్ కొంచెం దిగి సర్దుకుంది, ఆగలేదు.

మన భాషలో చెప్పాలంటే, బగ్ ఒక ఫంక్షన్‌లో ఉంటే నేను ఇంకో ఫంక్షన్‌లో అంకె మార్చి టెస్ట్ పాస్ చేయించాను. వీఈ టేబుల్‌తో వచ్చే ప్రమాదమే ఇది. ఏ తప్పునైనా అందులో దాచేయొచ్చు. గాలి గొట్టం లీకైనా, పెట్రోల్ ఒత్తిడి తగ్గినా, టెంపరేచర్ సెన్సార్ అబద్ధం చెబుతున్నా గడిలో అంకె పెంచితే ఆ ఒక్క క్షణానికి సరిపోతుంది. పరిస్థితి మారగానే ఇంకోచోట బయటపడుతుంది. అందుకే గడి ముట్టుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ తేడా ఎప్పుడూ ఉందా, లేక ఇంకేదో మారినప్పుడే వస్తోందా? ఎప్పుడూ ఉంటేనే అది వీఈ తప్పు.

7. ఏ వరసలో చేయాలి

నేను తిప్పలు పడి తెలుసుకున్న వరస ఇది. ముందుది పూర్తవకుండా తర్వాతదానికి వెళ్ళొద్దు.

మొదట సెన్సార్లు. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కీ ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా చూడండి. నీళ్ళ టెంపరేచర్, గాలి టెంపరేచర్ రెండూ ఒకటే చూపించాలి. మ్యాప్ సెన్సార్ మన విజయవాడలో అయితే 100 కిలోపాస్కల్స్ దగ్గర ఉండాలి.

రెండు, పెట్రోల్ పంప్. ఇంజిన్ ఆగితే పంప్ కూడా ఆగాలి. యాక్సిడెంట్ అయినప్పుడు పంప్ తిరుగుతూ ఉంటే మంటలే.

మూడు, టైమింగ్ లైట్‌తో అడ్వాన్స్ సరిచూడటం.

నాలుగు, డెడ్ టైమ్.

ఐదు, వేడెక్కిన ఇంజిన్‌తో ఐడిల్. ఆరు, నిలకడగా వెళ్ళేటప్పటి గళ్ళు. ఒకరు నడపాలి, ఇంకొకరు ల్యాప్‌టాప్ చూడాలి, ఎప్పుడూ ఒక్కరే రెండూ చేయకండి. లాగ్‌లో యాక్సిలరేటర్ కదులుతున్న వరసల్ని, నీళ్ళు 70 డిగ్రీలు దాటని వరసల్ని తీసేయండి. పొగ సెన్సార్ దాకా చేరడానికి టైమ్ పడుతుంది కాబట్టి కదిలేటప్పటి డేటా నమ్మడానికి లేదు. నేను దీనికి పాండాస్‌తో ఇరవై లైన్ల స్క్రిప్ట్ రాశాను.

ఏడు, చలి స్టార్ట్. ఇది ఓపిక పరీక్ష. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి కాబట్టి రోజుకి ఒక్క ప్రయత్నమే! ఒక అంకె మార్చి, రేపు పొద్దున దాకా ఆగాలి.

ఎనిమిది, ఫుల్ లోడ్, అన్నిటికంటే ఆఖర్న. అక్కడ లాంబ్డా 0.85 నుంచి 0.88 దాకా రిచ్‌గా ఉంచి, అడ్వాన్స్ తక్కువగా పెట్టుకోండి. పికప్ కొంచెం తగ్గితే ఏం కాదు, పిస్టన్ ముఖ్యం.

8. ఈ20 సంగతి

ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌కి గ్రాముకి 9 గ్రాముల గాలే చాలు. కలిపి లెక్కేస్తే ఈ20కి 14.7 బదులు సుమారు 13.5 వస్తుంది. అంటే అదే గాలికి తొమ్మిది శాతం దాకా ఎక్కువ పెట్రోల్ కొట్టాలి. పాత కంపెనీ ఈసీఎంలు మామూలుగా వెళ్ళేటప్పుడు లాంబ్డా సెన్సార్ చూసి సర్దుకుంటాయి. కానీ ఫుల్‌గా తొక్కినప్పుడు సెన్సార్‌ని వదిలేసి టేబుల్‌నే నమ్ముతాయి, అక్కడ లీన్ అయ్యే అవకాశం ఉంది. మన ఈసీఎం అయితే మనమే దిద్దుకోవచ్చు. ఇథనాల్‌కి పాత రబ్బరు పైపులు పాడవడాన్ని మాత్రం ఏ కోడూ ఆపలేదు. మేం పెట్రోల్ పైపులన్నీ కొత్తవి వేయించాం.

9. చట్టం, ఊరి గాలి

మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది. ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. మేం ఇంజిన్ మార్చలేదు, సీసీ మారలేదు, క్యాటలిటిక్ కన్వర్టర్ తీయలేదు. కొంతమంది పికప్ కోసం కన్వర్టర్ పీకేస్తారు. అది తప్పు, ఆ పొగ మన ఊరే పీలుస్తుంది. పైగా మిస్సింగ్ ఉన్న ఇంజిన్‌తో బండి తిప్పితే కాలని పెట్రోల్ కన్వర్టర్‌లోకి వెళ్ళి మండి దాన్ని కాల్చేస్తుంది. కాబట్టి ట్యూనింగ్ బాగుంటేనే కన్వర్టర్ బతుకుతుంది.

మా కారు ఆర్సీ పదిహేనేళ్ళకి 2016లో, మళ్ళీ 2021లో రెన్యువల్ అయింది. తర్వాతది 2026లో. పొల్యూషన్ సర్టిఫికెట్ కావాలి, ఫిట్‌నెస్ చూపించాలి. నాన్న తుక్కు మాట ఎత్తితే నేను గుండె దిటవు చేసుకున్నది ఆ తేదీ చూసే. అప్పటికి బండి నిలబడకపోతే ఇక ఆయన మాటే చెల్లుతుంది.

పొల్యూషన్ టెస్ట్‌కి తీసుకెళ్ళిన రోజు మెషీన్ గొట్టం సైలెన్సర్‌లో పెట్టి, నేనూ బాబాయీ స్క్రీన్ వైపు చూస్తూ నిలబడ్డాం. సెమిస్టర్ రిజల్ట్స్‌కి కూడా అంత టెన్షన్ పడలేదు. పాసైంది. ఆ కుర్రాడు కాగితం ఇస్తూ "పాత బండైనా బాగా మెయింటైన్ చేశారు సార్" అన్నాడు నాన్నతో. నాన్న నా వైపు చూసి, ఏమీ అనకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆ రాత్రి ఆయనే లైట్లు వేసుకుని నడిపారు. సందు మలుపు దగ్గర ఆపి, ఒక నిమిషం అలాగే ఉంచి, ఇంజిన్ ఆగదని తేల్చుకున్నాకే ముందుకి పోనిచ్చారు.

మీ ఇంట్లో కూడా ఈసీఎం పోయి మూలన పడ్డ పాత కారు ఉంటే, తుక్కుకి ఇచ్చే ముందు ఒకసారి క్లబ్ రూమ్‌కి రండి. నా లాగ్‌లు, స్క్రిప్ట్, వైరింగ్ బొమ్మ అన్నీ ఇస్తాను. టైమింగ్ లైట్ మాత్రం మీరే తెచ్చుకోండి.